ప్రభుత్వ బడిలో భద్రతా తనిఖీ: ఎక్కడ మొదలుపెట్టాలి, దేనికి ముందు డబ్బు పెట్టాలి?

హెచ్ఎం గారూ, మీ ప్రశ్నను కుదించి చెబితే ఇదీ: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు కొత్తగా వచ్చారు. 280 మంది పిల్లలు. నాలుగు గదుల పాత స్లాబు భవనం ఒకటి, రెండంతస్తుల కొత్తది ఒకటి. పైనుంచి భద్రతా తనిఖీ ఫారం వచ్చింది. అందరూ అన్నిటికీ "ఉంది" అని టిక్కు పెట్టి పంపేస్తున్నారు, మీకు మనసొప్పడం లేదు. చేతిలో ఉన్నది స్కూల్ గ్రాంటు ఒక్కటే. ఒక దాత సీసీ కెమెరాలు పెట్టిస్తానంటున్నారు. వాటితో మొదలుపెట్టవచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. కెమెరాలతో మొదలుపెట్టకండి. ముందు పాత స్లాబు, తర్వాత కరెంటు, తర్వాత గేటు, సంపు మూతలు, ఆ తర్వాత వంటగది, మెట్ల దారి. వీటితో పాటే, పైసా ఖర్చు లేని పని ఒకటుంది: పిల్లలు తమకు జరిగింది భయపడకుండా చెప్పుకునే ఏర్పాటు. అది ఈ వారమే చేయొచ్చు. ఆ దాతను కెమెరాల బదులు వైరింగు మరమ్మతుకు ఒప్పించగలిగితే అంతకంటే మేలు లేదు.

ఫారంతో వచ్చే చిక్కు ఏమిటంటే, అది "ఉందా?" అని అడుగుతుంది. అగ్నిమాపక సిలిండరు ఉంది, కానీ ఆఫీసు గది బీరువా వెనక ఉంది. రెండో మెట్ల దారి ఉంది, దాని గ్రిల్‌కు తాళం ఉంది. ఫిర్యాదుల పెట్టె ఉంది, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఆ ఫారంలో ప్రతి వరుస పక్కన మీరు మూడు గళ్లు గీసుకోండి: ఇవాళ పనిచేస్తోందా, ఎవరు చూశారు, ఏ తేదీన చూశారు. తనిఖీ అంటే ఆ మూడు గళ్లు నింపడమే.

ఎలా తిరగాలి

ఒక్కరే తిరగకండి. ఒక టీచరు, బడి యాజమాన్య కమిటీ నుంచి ఒక తల్లి, ఎనిమిదో తొమ్మిదో తరగతి నుంచి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఏ స్విచ్ షాక్ కొడుతుందో, ఏ గది వెనక పాములు కనిపిస్తాయో, ఏ బాత్రూంకు గడియ లేదో, ఏ మూలకు వెళ్లాలంటే భయమేస్తుందో పిల్లలకే తెలుసు. ఆడపిల్లలు మగ సార్ల ముందు కొన్ని చెప్పరు, అందుకే ఆ తల్లి ఉండాలి.

మూడుసార్లు తిరగాలి. బడి ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, భోజనం వేళా బడి వదిలే వేళా ఒకసారి, గట్టి వాన పడుతున్నప్పుడో పడిన వెంటనేనో ఒకసారి. నీరు ఎక్కడ నిలుస్తుందో, స్లాబు ఎక్కడ కారుతుందో, ఏ గోడ చెమ్మ పడుతుందో మూడోసారి తిరిగితేనే తెలుస్తుంది. చేతిలో టేపు, టార్చి, చిన్న సుత్తి, సుద్దముక్క, కెమెరా ఉన్న ఫోను చాలు.

పాత స్లాబు: దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి

2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ ప్రభుత్వ పాఠశాలలో పైకప్పు కూలి 7 మంది పిల్లలు చనిపోయారు. దేశమంతా బళ్లకు భద్రతా తనిఖీ ఆదేశాలు వెళ్లడానికి అదే కారణం. వానాకాలంలో, పాత కప్పు కింద, బడి వేళలో జరిగింది. మీ బడిలో అదే స్థితి ఉండగలిగేది ఆ నాలుగు గదుల్లోనే.

స్లాబు పెచ్చులూడటాన్ని సున్నం రాలినట్టు తేలిగ్గా తీసుకుంటారు. అసలు జరిగేది వేరు. పైన నీరు నిలిచి లోపలికి దిగుతుంది, కడ్డీలు తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కింది కాంక్రీటును లోపలి నుంచి నెట్టేస్తుంది. పెచ్చు ఊడిందంటే కడ్డీ అప్పటికే సన్నబడుతోందని అర్థం. దానిమీద సిమెంటు పూసి రంగు వేస్తే జబ్బు లోపల అలాగే ఉంటుంది, బయట గుర్తు మాత్రం పోతుంది. తనిఖీకి ముందు సున్నం వేయించవద్దని మరీ మరీ చెప్పేది ఇందుకే.

కర్ర చివర సుత్తి కట్టి స్లాబు కింద అడుగుకొకసారి మెల్లగా తట్టండి. గట్టి కాంక్రీటు గణగణమంటుంది, ఊడబోయేది డొల్లగా మోగుతుంది. డొల్ల చోటు చుట్టూ సుద్దతో గీసి, తేదీ వేసి ఫొటో తీయండి. తట్టేటప్పుడు సరిగ్గా దాని కింద నిలబడవద్దు. తల మీద హెల్మెట్ ఉండాలి, బైకుదైనా సరే.

పగుళ్లలో అన్నీ ఒకటి కావు. గోడ పూతలో వెంట్రుకవాసి గీతలకు కంగారు లేదు. స్లాబుకు సరిగ్గా కింద, గోడ పైభాగాన అడ్డంగా పోయే సన్న పగులు చాలాసార్లు ఎండకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల వచ్చేదే. దాన్లోంచి నీరు దిగకుండా చూసుకోవాలి. భయపడాల్సినవి ఇవి: కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకి గోడకు రెండు వైపులా కనిపించే పగులు, 5 మి.మీ. దాటిన వెడల్పు, దూలం గోడమీద ఆనే చోటుకు దగ్గర్లో ఏటవాలు పగులు, దూలం అడుగున కడ్డీ వెంబడి పొడవుగా పోయే పగులు. పగులు పెరుగుతోందో లేదో తెలియాలంటే దాని మీద అడ్డంగా ఒక సన్న గాజుముక్కను రెండు చివర్లా సిమెంటుతో అతికించి తేదీ రాయండి. గాజు విరిగితే గోడ కదులుతోంది.

సన్‌షేడ్లను ఎవరూ పట్టించుకోరు. గోడలోంచి బయటికి పొడుచుకువచ్చే పలకకు అసలు కడ్డీలు పైభాగంలో ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తొక్కితే అవి కిందికి దిగిపోతాయి. బయటికి తేడా కనిపించదు. తర్వాత ఎప్పుడో బంతి కోసం పిల్లవాడు ఎక్కినప్పుడు మొదలుకంటా విరుగుతుంది. గోడకు ఆనుకున్న చోట పైన పగులుందేమో నిచ్చెన వేసి చూడండి.

ఇక మిద్దె మీద. నీరు పోయే గొట్టాలు ఆకులతో మూసుకుపోయాయా? పిట్టగోడలో రావి మొక్క మొలిచిందా? దాన్ని పీకకండి, వేరుతో పాటు ఇటుకలు వస్తాయి, మేస్త్రీతో తీయించండి. విరిగిన బెంచీలన్నీ అక్కడే పోశారా? వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను. అది స్లాబు నడిమధ్యన ఉంటే వెంటనే ఖాళీ చేసి, గోడ మీదకో దూలం మీదకో మార్పించండి.

కడ్డీ బయటపడ్డ గది, డొల్ల మోగిన గది, పైన చెప్పిన పగులున్న గది ఆ రోజే మూసేయాలి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గదితో పాటు దాని ముందు వరండా కూడా మూయాలి, కప్పు ఒకటే కదా. శిథిల గోడకైతే దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ముళ్లకంపో తాడో కట్టండి. తాళం వేసి వదిలేస్తే పిల్లలు దాని నీడనే ఆడుకుంటారు. మూసిన గదుల పిల్లలను కొత్త భవనంలో సర్దండి. ఇరుకవుతుంది, కొన్నాళ్లు రెండు సెక్షన్లు కలపాల్సి రావచ్చు. పంచాయతీ భవనమో కమ్యూనిటీ హాలో దొరుకుతుందేమో కమిటీ ద్వారా అడిగించండి.

గదిని వాడొచ్చా, కూల్చాలా, మరమ్మతు చాలా అన్నది ఇంజినీరు తేల్చాల్సిందే. మీరు రాసే లేఖ "భవనం శిథిలావస్థలో ఉంది" అన్న ఒక్క వాక్యంతో ముగిస్తే దస్త్రంలోనే ఉండిపోతుంది. గది నంబరు, కొలతలు, కట్టిన ఏడాది, డొల్ల ఎన్ని చదరపు అడుగులు, పగులు ఎన్ని మి.మీ., ఎంతమంది పిల్లలు కూర్చునేవారు, ఏ తేదీ నుంచి మూసేశారు, ఇవన్నీ రాసి ఫొటోలు జతచేయండి. చివర ఒకే కోరిక రాయండి: "ఫలానా గదులు వాడుకకు యోగ్యమో కాదో రాతపూర్వకంగా తెలపండి." ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి ఒకటి, ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి ప్రతి ఒకటి. లేఖ అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. దానికి ముందే యాజమాన్య కమిటీలో తీర్మానం చేయించి మినిట్స్ పుస్తకంలో రాయించండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉంటారు. వాళ్ల సంతకాలున్న కాగితానికి బరువెక్కువ.

కరెంటు

ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్, ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు. ఎంసీబీ తీగలను కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ దాదాపు ఆ పదహారు దాటితే తప్ప పడదు. మనిషి గుండె ఆగడానికి ఆంపియరులో పదో వంతు కూడా చాలు. పిల్లలను కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైన వెంటనే లైను తెంపే స్విచ్. మెయిన్ బోర్డులో ఒకటి, మోటారు, నీళ్ల ప్లాంటు ఉన్న లైనుకు విడిగా ఒకటి పెట్టించండి. గ్రాంటులోంచి మొట్టమొదట ఖర్చు పెట్టాల్సింది దీనికే. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే కరెంటు పోవాలి, పోకపోతే అది చచ్చిపోయినట్టే.

ఎక్కడ తప్పుతుందంటే, పాత వైరింగులో లీకేజీ ఉండి ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంది. విసిగిపోయి ఎలక్ట్రీషియన్‌తో "డైరెక్ట్" చేయించేస్తారు. అది పడటమే మీకు అందే హెచ్చరిక. అన్ని ఎంసీబీలూ దించి ఒక్కొక్కటే లేపుతూ రండి. ఏది లేపినప్పుడు పడిందో ఆ లైనులోనే లోపం ఉంది. సాధారణంగా చెమ్మ పట్టిన గోడలోని స్విచ్ బోర్డో, బయట ఎండకు పగిలిన మోటారు కేబులో దొరుకుతుంది.

స్టీలు కుళాయిలున్న కూలరు, మోటారు స్టార్టరు, ఇనుప గ్రిల్‌కు ఆనించి లాగిన వైరు, ఈ మూడింటినీ ప్రత్యేకంగా చూడండి. మిద్దె మీదుగా 11 కేవీ తీగ పోతుంటే నిలువునా 3.7 మీటర్లు, పక్కకు 1.2 మీటర్లు ఎడం ఉండాలి. లేకపోతే విద్యుత్ శాఖ ఏఈకి రాయండి, కొలతలు టేపు పెట్టి కాకుండా కింద నుంచి అంచనాగానే. ఆగస్టు 15, జనవరి 26 ముందు ఇనుప జెండా కర్రను పిల్లలతో నిలబెట్టించవద్దు. పైన తీగ ఉందో లేదో చూడకుండా లేపితే ఏమవుతుందో మీకు తెలుసు.

గేటు, ప్రహరీ, మూతలు

పట్టాల మీద జరిగే గేటుకు రెండు చివర్లా స్టాపర్లు, పైన పట్టి ఉంచే గైడు రోలర్లు ఉండాలి. చివరి స్టాపరు ఊడిపోతే పిల్లలు గట్టిగా నెట్టినప్పుడు గేటు పట్టా దాటి మీద పడుతుంది. వెల్డరు ఒక పూట పని ఇది. రెక్కల గేటైతే బందుల వెల్డింగు చూడండి, పిల్లలు దాన్ని ఊయల చేసుకుంటారు. ప్రహరీకి అవతల మట్టి, ఇసుక కుప్ప పోస్తే వానకు తడిసి గోడను నెడుతుంది. గోడ ఒరిగిందో లేదో తాపీమేస్త్రీ గుండు వేలాడదీసి చెబుతాడు. నీరు పోవడానికి అడుగున కన్నాలుండాలి.

సంపు, సెప్టిక్ ట్యాంకు మూతలకు గొళ్లెం, తాళం. పగిలిన కడప బండను మూత అనలేం. పాడుబడిన బోరుకు ఇనుప మూత వెల్డింగ్ చేయించాలి, గోనెసంచి కప్పి రాయి పెట్టడం చాలదు. తాగే నీటి ట్యాంకు కడిగాక వెయ్యి లీటర్లకు సుమారు 4 గ్రాముల బ్లీచింగ్ పౌడరు ఒక బకెట్లో కలిపి, తేరిన నీటిని పోసి, అరగంట ఆగండి. కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్షలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. సంచి విప్పి నెలలైన పౌడరులో ఘాటు పోతుంది, అది ఎంత వేసినా దండగే.

వంటగది

2013 జూలై 16న బీహార్ సారణ్ జిల్లా గండామన్‌లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉంది. మన పత్తి రైతులకు బాగా తెలిసిన మందే అది. అందుకే నూనె సీలు ప్యాకెట్లలోనే రావాలి, ఖాళీ డబ్బాల్లోకి వంపకూడదు. సరుకుల గదిలో ఫినాయిలు, బ్లీచింగు, పురుగుమందు ఏవీ ఉండకూడదు. వడ్డించే ముందు ఒక టీచరు రుచి చూసి రిజిస్టరులో టైము వేసి సంతకం చేయాలి, సంతకం ముందే పెట్టి తర్వాత తినడం కాదు. వంట చేసే అమ్మ "వాసన తేడాగా ఉంది" అంటే ఆ పూట వంట ఆపే అధికారం ఆమెకు ఇచ్చానని అందరి ముందూ చెప్పండి. జీతం తక్కువ, మాట చెల్లుబాటు తక్కువ అయిన మనిషి అలా చెప్పకపోతే నోరు విప్పలేదు.

వేడి సాంబారు గిన్నె నేలమీద పెట్టి పిల్లలను చుట్టూ వరుసలో నిలబెట్టడం మన బళ్లలో మామూలైపోయింది. తోపులాటలో ఒక్కడు జారితే చాలు. గిన్నె బల్ల మీదకెక్కాలి, మూత ఉండాలి, గిన్నెలు చేరాకే పిల్లలను వదలాలి. గ్యాసు సిలిండరు గది బయట, నిటారుగా. రబ్బరు పైపు మీద ఐఎస్ఐ గుర్తు, గడువు ముద్రించి ఉంటాయి, చూసి మార్చండి.

మంటలు, మెట్లు, డ్రిల్

2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంలో ఒక బడి వంటగదిలో మొదలైన మంట తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు బలయ్యారు. ఇరుకు మెట్లు, బయటికి దారి లేకపోవడం వాళ్లను చంపింది. ఆ ఘటనపై వేసిన పిటిషన్‌లోనే 2009లో సుప్రీంకోర్టు ప్రతి బడిలో అగ్నిమాపక పరికరాలు, సిబ్బందికి శిక్షణ ఉండాలని ఆదేశించింది.

మీ కొత్త భవనంలో మెట్ల దగ్గర కొలాప్సిబుల్ గేటు ఉందనుకుంటున్నాను. బడి నడుస్తున్నంతసేపూ దానికి తాళం ఉండకూడదు. వస్తువులు పోతాయని భయమైతే ఆ గదికి తాళం వేయండి, దారికి కాదు. మెట్ల కింద పాత పుస్తకాలు, అట్టపెట్టెలు పోయడం ఇంకో అలవాటు. మంట అక్కడ మొదలైతే ఉన్న ఒక్క దారీ పొగ గొట్టమైపోతుంది.

4 నుంచి 6 కిలోల ఏబీసీ పౌడరు సిలిండర్లు వంటగది తలుపు బయట, సైన్స్ ల్యాబు బయట, ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర పెట్టండి. లోపల పెడితే మంట దాటి తెచ్చుకోవాలి. సిలిండరు మీటరులో ముల్లు ఆకుపచ్చలో ఉండాలి. నెలకోసారి తలకిందులు చేసి కదపండి, లేకపోతే పౌడరు గడ్డకట్టి ముల్లు బాగానే ఉన్నా బయటికి రాదు. పిన్ను లాగి, మంట మొదట్లోకి గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాలి. మొత్తం పది, పదిహేను సెకన్లలో అయిపోతుంది. కాబట్టి అది బుట్టంత మంటకే. అంతకు మించితే పిల్లలను తీసుకుని బయటపడి అగ్నిమాపక కేంద్రం నంబరు 101కి చెప్పడమే.

డ్రిల్ మొదటిసారి చెప్పి చేయండి, రెండోసారి చెప్పకుండా, మూడోసారి ఒక మెట్ల దారి మూసినట్టు ఊహించి. కరెంటు బెల్లు కాదు, ఇనుప గంటే వాడాలి, ప్రమాదంలో ముందు పోయేది కరెంటే. ఎవరి పీరియడైతే ఆ టీచరే హాజరు పుస్తకం పట్టుకుని చివర రావాలి, గ్రౌండులో పేరు పేరునా పిలవాలి. ఎప్పుడూ లెక్క తప్పేది బాత్రూంలో ఉన్న పిల్లల దగ్గర, ల్యాబుకెళ్లిన పిల్లల దగ్గర. నడవలేని పిల్లవాడికి ఇద్దరు తోడు ముందే పేర్లతో నిర్ణయించండి. వీలుంటే ఆ తరగతిని కిందికి మార్చండి. మీ రెండంతస్తులు రెండు మూడు నిమిషాల్లో ఖాళీ కావాలి.

పిల్లలకు మనుషుల వల్ల వచ్చే ముప్పు

ఇది భవనాల కంటే కష్టమైనది, ఎందుకంటే ఇక్కడ పగులు కనిపించదు. ఫిర్యాదుల పెట్టె ఆఫీసు ఎదుట పెడితే ఎవరూ కాగితం వేయరు. ఆడపిల్లల బాత్రూం దారిలో ఒకటి, నీళ్ల కుళాయిల దగ్గర ఒకటి పెట్టండి. తాళంచెవి ఒకటి మీ దగ్గర, ఒకటి కమిటీలోని తల్లి దగ్గర. వారానికోసారి ఇద్దరూ కలిసి తెరవాలి. మీమీదే ఫిర్యాదు ఉండొచ్చన్న ఆలోచనతోనే ఈ ఏర్పాటు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి తరగతి గోడమీద పెద్దగా రాయించండి.

లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరిగిందని అనుమానించడానికి కారణం కనిపించినా, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. బడిలో విచారణ కమిటీ వేసి నిజమో కాదో తేల్చాక చెబుదామనడం నేరమే. కింది ఉద్యోగి చేసినదాన్ని సంస్థ అధిపతి చెప్పకపోతే ఏడాది దాకా జైలు, జరిమానా. బిడ్డ చెప్పింది బిడ్డ మాటల్లోనే, తేదీతో రాసుకోండి. గుచ్చి గుచ్చి అడగకండి, నలుగురు టీచర్ల ముందు మళ్లీ చెప్పించకండి. పేరు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పడకూడదు. ఊరి పెద్దలు రాజీకి వస్తే, "ఇప్పటికే రాసి పంపాను" అని చెప్పగలిగేలా ముందే పంపండి.

కొట్టడం కూడా ఇందులోదే. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 శారీరక దండనను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధించింది. బెత్తం స్టాఫ్ రూములో ఉన్నంతకాలం పెట్టెలో కాగితాలు పడవు.

కెమెరాలు ఆఖరుకు పెట్టించుకుంటే గేటు, వరండాలు చాలు. బాత్రూంల తలుపులు కనిపించేలా వద్దు. పాస్‌వర్డు ఎవరి దగ్గరుంటుంది, రికార్డింగు ఎన్ని రోజులు నిలుస్తుంది, హార్డ్ డిస్కు పనిచేస్తోందో లేదో ప్రతి సోమవారం ఎవరు చూస్తారు, ఈ మూడూ రాసిపెట్టాకే బిగించండి.

డబ్బు లెక్క. మీ చేతిలో ఉన్న స్కూల్ గ్రాంటు అంటే, 250 దాటి 1000 లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష పథకం కాంపోజిట్ గ్రాంటు నిబంధన ప్రకారం ఏడాదికి 75,000 రూపాయలు, అందులో కనీసం పదో వంతు పారిశుధ్యానికి. అంతా ఒక్కసారే చేతికి వస్తుందన్న లెక్కతో ప్లాన్ వేసుకోకండి. వరుస ఇదీ: ఆర్‌సీసీబీలు, చెమ్మ పట్టిన బోర్డుల మార్పు, గేటు స్టాపర్లు, మూతలు, అగ్నిమాపక సిలిండర్లు, బాత్రూం గడియలు, లైట్లు. స్లాబు మరమ్మతు ఈ డబ్బుతో చేయించవద్దు. అది ఇంజినీర్ల అంచనాతో, వేరే నిధితో జరగాల్సిన పని. మీరు పూత పూయించి కూర్చుంటే ఆ నిధి అడిగే ఆధారం కూడా పోతుంది.

ఫారం విషయానికొస్తే, లేనిచోట "లేదు" అనే రాయండి. పక్కనే లేఖ తేదీ, ఇన్‌వర్డ్ నంబరు, మూసిన గది నంబరు వేయండి. పాత భవనం నాలుగు గదుల స్లాబు అడుగు, దూలాల చివరలు, వాన తర్వాత మిద్దె, ఈ ఫొటోలు ఇక్కడ పెడితే ఏది ముందు ఇంజినీరుకు చూపించాలో చెబుతాను. ఏ గదిలోనైనా కడ్డీ కనిపిస్తుంటే మాత్రం నా జవాబు కోసం ఆగకండి, రేపు పొద్దున ప్రార్థనకు ముందే తాళం వేయండి.